తక్కువ ఖర్చులో సీప్యాప్ మిషన్ కొనడం ఎలా: స్లీప్ స్టడీ రిపోర్టు నుంచి మాస్క్ దాకా

డాక్టరు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) అని తేల్చి సీప్యాప్, అంటే మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మిషన్, వాడమని రాసిస్తారు. ఆ చీటీ జేబులో పెట్టుకునేలోపే డీలర్ ఫోన్ వస్తుంది. "సార్, బెస్ట్ మోడల్, ఈ రోజే ఇంటికి తెచ్చి బిగించేస్తాం" అంటాడు. రేటు అడిగితే ఒకరు ముప్పై వేలంటారు, ఇంకొకరు ఎనభై వేలంటారు, రెండు మిషన్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి, ఖరీదైనదే మంచిదని అప్పు చేసి కొంటారు, లేదా అన్నిటికంటే చవకది కొని నెల తిరక్కుండా అటక మీద పెడతారు.

నేను చెప్పదలుచుకున్నది మొదట్లోనే చెప్పేస్తాను. మిషన్ దగ్గర డబ్బు మిగుల్చుకోవచ్చు, స్లీప్ స్టడీ దగ్గర, మాస్క్ దగ్గర మాత్రం వద్దు. మనవాళ్లు సరిగ్గా దీనికి ఉల్టా చేస్తారు. మిషన్‌కు అరవై వేలు పోసి, దాంతో ఊరికే వచ్చిన మాస్క్ పెట్టుకుని, అది సరిపోక మొత్తానికే మానేస్తారు.

ఇంకో అపోహ కూడా తీర్చుకుని మొదలుపెడదాం. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఇంట్లో ఉంది కదా, అది పెట్టుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. సరిపోదు. స్లీప్ ఆప్నియాలో సమస్య గొంతు దగ్గర. నిద్రలో కండరాలు వదులై ఊపిరి దారి మూసుకుపోతుంది. సీప్యాప్ మన గదిలో గాలినే ఫిల్టర్ చేసి, కొద్దిపాటి ఒత్తిడితో పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. అందులో ఆక్సిజన్ తయారవదు. 1981లో సిడ్నీలో కోలిన్ సలివాన్ బృందం ఈ పద్ధతిని లోకానికి చెప్పింది, ఇప్పటికీ మూలసూత్రం అదే. మూసుకుపోయిన దారి ముందు ఎంత ఆక్సిజన్ పెట్టినా దారి తెరుచుకోదు.

మొదటి అడుగు: రిపోర్టు చదవడం

గురక పెడుతున్నారని నేరుగా మిషన్ కొనేయకండి. గురక ఉన్న ప్రతివాళ్లకూ ఆప్నియా ఉండదు, ఆప్నియా ఉన్నవాళ్లందరికీ సీప్యాపే మందు కాదు. స్లీప్ స్టడీ అనే నిద్ర పరీక్ష రెండు రకాలు. రాత్రంతా ల్యాబ్‌లో పడుకోబెట్టి తలకు, ఛాతీకి, కాళ్లకు వైర్లు పెట్టి చేసే పూర్తి పరీక్ష ఒకటి, దాన్ని పాలీసోమ్నోగ్రఫీ అంటారు. ఇంటికే చిన్న పరికరం ఇచ్చి పంపే హోమ్ స్లీప్ టెస్ట్ రెండోది. రెండోది చవక. పెద్ద గురక, పగలు కునుకుపాట్లు, లావు మెడ లాంటి లక్షణాలు స్పష్టంగా ఉండి వేరే జబ్బులేవీ లేనివాళ్లకు చాలావరకు అది సరిపోతుంది. గుండె వైఫల్యం, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు), పక్షవాతం వచ్చినవాళ్లు, నరాల జబ్బులున్నవాళ్లు మాత్రం ల్యాబ్‌లోనే చేయించుకోవాలి. హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి చోట, పెద్ద ప్రైవేటు హాస్పిటళ్లలో ఈ ల్యాబులు ఉన్నాయి.

రిపోర్టు నాలుగైదు పేజీలుంటుంది. గ్రాఫులు చూసి భయపడకుండా ముందు ఏహెచ్ఐ అన్న అంకె వెతకండి. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్నది ఆ అంకె. పది సెకన్లు, అంతకంటే ఎక్కువసేపు ఆగితేనే లెక్కలోకి వస్తుంది. 5 లోపు ఉంటే మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఉదాహరణకు ఏహెచ్ఐ 38, రక్తంలో ఆక్సిజన్ కనిష్ఠం 74 శాతం అని ఉందనుకోండి, ఇక ఆలోచించడానికి ఏమీ లేదు, మిషన్ కావాలి. అదే ఏహెచ్ఐ 9 ఉండి, వెల్లకిలా పడుకున్నప్పుడు మాత్రం 20, పక్కకు తిరిగితే 3 అని రాసి ఉంటే, డబ్బు ఖర్చు పెట్టేముందు పక్కకు పడుకోవడం, బరువు తగ్గడం, రాత్రి మద్యం మానడం, కింది దవడను ముందుకు పట్టి ఉంచే డెంటల్ పరికరం, వీటి గురించి డాక్టరుతో మాట్లాడటం న్యాయం. బరువు బాగా ఎక్కువున్నవాళ్లకు ఇంకో దారి కూడా వచ్చింది. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్న పెద్దవాళ్లకు బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను 2024 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. అది పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి ఈలోగా మిషన్ ఎలాగూ కావాలి.

తర్వాత చూడాల్సింది ఆగిన ఊపిరి ఏ రకం అన్నది. అబ్‌స్ట్రక్టివ్ అంటే దారి మూసుకుపోవడం. సెంట్రల్ అంటే ఊపిరి తీయమని మెదడే ఆదేశం పంపకపోవడం. సెంట్రల్ సంఖ్య ఎక్కువగా ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి స్పెషలిస్టు దగ్గరికి వెళ్లండి, మామూలు ఆటో సీప్యాప్ అక్కడ పనికిరాదు.

రెండో అడుగు: ఏ రకం మిషన్

ఫిక్స్‌డ్ సీప్యాప్ రాత్రంతా ఒకే ప్రెషర్ ఇస్తుంది. ఆటో సీప్యాప్ (కొందరు ఏప్యాప్ అంటారు) మీ ఊపిరిని గమనిస్తూ, పెట్టిన హద్దుల మధ్య ప్రెషర్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మామూలుగా 4 నుంచి 20 దాకా వెళ్తుంది, ఆ అంకె నీటి సెంటీమీటర్లలో. బైప్యాప్ ఊపిరి తీసేటప్పుడు ఒక ప్రెషర్, వదిలేటప్పుడు అంతకంటే తక్కువ ప్రెషర్ ఇస్తుంది.

మామూలు అబ్‌స్ట్రక్టివ్ ఆప్నియాకు నా ఓటు ఆటోకే. ఫిక్స్‌డ్ మిషన్ కొన్ని వేలు తక్కువకు వస్తుంది, నిజమే. కానీ దానికి సరైన ప్రెషర్ ఎంతో తెలియాలంటే ల్యాబ్‌లో ఇంకో రాత్రి టైట్రేషన్ (మిషన్ పెట్టి మీకు సరిపోయే ప్రెషర్ తేల్చడం) చేయించుకోవాలి, మిగిలిన డబ్బు అక్కడే పోతుంది. పైగా బరువు పెరిగినా తగ్గినా మళ్లీ మార్చాలి. ల్యాబ్‌లో టైట్రేషన్ అయిపోయి, రిపోర్టులో ప్రెషర్ అంకె స్పష్టంగా ఉంటే మాత్రం ఫిక్స్‌డ్ కొనడంలో తప్పేం లేదు, ఫలితంలో పెద్ద తేడా ఉండదు.

బైప్యాప్ దగ్గర జాగ్రత్త. డీలర్లు దాన్ని "అడ్వాన్స్‌డ్ మోడల్" అని అంటగట్టడం బాగా చూశాను. సీఓపీడీ ఉన్నవాళ్లకు, ఊబకాయం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయేవాళ్లకు, ఎక్కువ ప్రెషర్ అస్సలు తట్టుకోలేనివాళ్లకు డాక్టరు రాస్తారు. చీటీలో సీప్యాప్ అని ఉంటే బైప్యాప్ కొనకండి, బైప్యాప్ అని ఉంటే డబ్బు మిగులుతుందని సీప్యాప్ కొనకండి.

ఆటో కొనేటప్పుడు పెట్టె మీద పేరు చదవండి. ఒకే కంపెనీ, పైకి ఒకే రూపం, లోపల మాత్రం తేడా. ఉదాహరణకు రెస్‌మెడ్ కంపెనీ ఎయిర్‌సెన్స్ 10 చూడండి. ఆటోసెట్ అని ఉంటే ఆటో. ఎలీట్ అని ఉంటే ఫిక్స్‌డ్, కానీ పూర్తి డేటా ఇస్తుంది. ఉత్త సీప్యాప్ అని ఉంటే ఫిక్స్‌డే, ఎన్ని గంటలు వాడారన్నది తప్ప పెద్దగా ఏమీ చెప్పదు. మూడూ పక్కపక్కన పెడితే పోల్చుకోవడం కష్టం. తెలిసినవాళ్లింట్లో ఒకాయనకు ఆటో ధర తీసుకుని ఫిక్స్‌డ్ అంటగట్టారు, ఆర్నెల్ల తర్వాత డాక్టరు డేటా అడిగితేగానీ బయటపడలేదు.

మూడో అడుగు: కొనే ముందు అద్దెకు

ఇది ఎవరూ చెప్పని పొదుపు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల డీలర్లు నెల అద్దెకు మిషన్లు ఇస్తారు, అద్దె స్థూలంగా మూడు నుంచి ఐదు వేలు, దాని మీద డిపాజిట్. మాస్క్ మాత్రం మీరు కొనుక్కోవాలి, వేరేవాళ్లు పెట్టుకున్నది వద్దు. తర్వాత కొంటే ఈ అద్దె ధరలో తగ్గిస్తారా అని ముందే అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి, చాలామంది ఒప్పుకుంటారు.

నెల అద్దె వల్ల రెండు పనులవుతాయి. మీరు అసలు దాన్ని పెట్టుకుని నిద్రపోగలరా లేదా అన్నది తేలుతుంది. ఆటో మిషన్ అయితే మీకు ఎంత ప్రెషర్ కావాలో కూడా తేలుతుంది. మిషన్ ఇచ్చే రిపోర్టులో 95 శాతం ప్రెషర్ అని ఒక అంకె ఉంటుంది (ఫిలిప్స్ మిషన్లలో 90 శాతం), అంటే రాత్రిలో అంత శాతం సమయం మీ ప్రెషర్ ఆ అంకె లోపే ఉందన్నమాట. అది 11 అని వచ్చిందంటే ఏ మామూలు మిషనైనా మీకు చాలు. 19, 20 దగ్గర కొట్టుకుంటోందంటే కొనే ముందు డాక్టరును కలవాలి.

నాలుగో అడుగు: బ్రాండ్, ధర

ఇప్పుడు మన మార్కెట్లో కొత్త ఆటో సీప్యాప్‌లు రెండు గుంపులుగా కనిపిస్తాయి. చైనా కంపెనీ బీఎంసీ, ఇంకా అలాంటివి సుమారు 25 వేల నుంచి 40 వేల మధ్య. రెస్‌మెడ్, ఫిలిప్స్, జర్మనీ లోవెన్‌స్టైన్ లాంటివి 45 వేల నుంచి మొదలై 80, 90 వేల దాకా. ఇవి స్థూలమైన అంకెలు, ఊరిని బట్టి, డీలర్‌ను బట్టి మారతాయి. ఒకే మోడల్‌కు ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకుంటే తేడా మీకే కనిపిస్తుంది. ఎంఆర్‌పీ చూసి "యాభై శాతం డిస్కౌంట్" అంటే సంబరపడకండి, ఈ సరుకులో ఎంఆర్‌పీ ఎప్పుడూ ఆకాశంలోనే ఉంటుంది.

తేడా దేనికి కడుతున్నాం? రెస్‌మెడ్ లాంటి వాటిలో ప్రెషర్ మార్పు మెత్తగా ఉంటుంది, చప్పుడు తక్కువ, డేటా వివరంగా వస్తుంది, తర్వాత అమ్ముకున్నా కాస్త ధర పలుకుతుంది. చవక మిషన్లు కూడా గొంతును తెరిచి ఉంచే పని చేస్తాయి. బడ్జెట్ ముప్పై ఐదు వేలే అయితే అప్పు చేసి రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 11 కొనేకంటే, పాతిక వేల మిషన్, మిగతా డబ్బుతో మంచి మాస్క్ కొనమంటాను. ఒక షరతు మీద మాత్రమే: ఆ కంపెనీ సర్వీసు మీ ఊళ్లో, కనీసం దగ్గరి పట్టణంలో ఉండాలి, రిపేరుకు ఇచ్చినన్ని రోజులూ వాడుకోడానికి ఇంకో మిషన్ ఇవ్వాలి. నెల్లూరులో ఉండి ఢిల్లీకి కొరియర్ చేసి మూడు వారాలు ఆగే పరిస్థితైతే చవక చవక కాదు.

రంగుల టచ్ స్క్రీన్, వాయిస్, వైఫై, ఇలాంటి వాటికి అదనంగా పైసా ఇవ్వొద్దు. కావాల్సినవి నాలుగే: ఆటో మోడ్, ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ కాస్త తగ్గించే సౌకర్యం (రెస్‌మెడ్‌లో ఈపీఆర్, బీఎంసీలో రెస్లెక్స్ అంటారు), గాలికి తేమ కలిపే వేడి హ్యూమిడిఫయర్, ఏహెచ్ఐ, లీక్ వివరాలు రాత్రివారీగా చూపించే డేటా. మెమరీ కార్డు ఉంటే ఇంకా మంచిది.

ఆన్‌లైన్‌లో కొన్నా షాపులో కొన్నా పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, దిగుమతి లైసెన్స్ నంబరు, ఎంఆర్‌పీ ఉన్నాయేమో చూడండి. బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి. బిల్లు లేకుండా రెండు వేలు తగ్గిస్తానంటే ఆ రెండు వేలకు మీరు వారంటీని అమ్ముకున్నట్టే.

ఐదో అడుగు: మాస్క్, ఇక్కడే తీరిగ్గా కూర్చోండి

2016లో సేవ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. గుండె, మెదడు రక్తనాళాల జబ్బులున్న ఆప్నియా రోగులకు సీప్యాప్ ఇచ్చి చూశారు. గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు, పగటి మత్తు, మనసు స్థితి మాత్రం మెరుగయ్యాయి. వాళ్లు రాత్రికి సగటున వాడింది 3.3 గంటలే. తక్కువ వాడకం వల్లే అలా వచ్చిందా అన్న చర్చ డాక్టర్లలో ఇంకా నడుస్తోంది. నాకు అందులో అర్థమైంది ఇంతే, ప్రత్యేకంగా అధ్యయనంలో చేరినవాళ్లే మూడు గంటలకు మించి పెట్టుకోలేకపోతే, ఇంట్లో ఒంటరిగా కుస్తీ పడే మన సంగతేంటి? పెట్టుకోలేకపోవడానికి కారణం చాలాసార్లు మాస్కే.

మూడు రకాలు. ముక్కు మొత్తాన్ని కప్పేది నేసల్ మాస్క్. రెండు ముక్కు రంధ్రాల దగ్గర మాత్రం ఆనేవి నేసల్ పిల్లోస్. ముక్కునూ నోటినీ కప్పేది ఫుల్ ఫేస్. మన డీలర్లు అడగకుండానే ఫుల్ ఫేస్ ఇచ్చేస్తారు, నోరు తెరిచినా లీకవదు కాబట్టి వాళ్లకు ఫిర్యాదులు తక్కువ. కానీ అది పెద్దది, ఎక్కువ చోట ఆనుతుంది, పక్కకు తిరిగితే కదిలిపోతుంది, కొందరికి ప్రెషర్ కూడా ఎక్కువ కావాల్సి వస్తుంది. ముక్కు బాగానే ఆడుతుంటే నేసల్‌తో మొదలుపెట్టండి. ముక్కు దూలం వంకర, పాలిప్స్ (ముక్కులో కండ పెరగడం), ఏడాది పొడవునా డస్ట్ అలర్జీ ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర అది చూపించుకోండి. ముక్కు దిబ్బడతో ఏ మాస్కూ పనిచేయదు.

మీసం విషయం. ఒత్తుగా, గుబురుగా ఉన్న మీసం మీద నేసల్ మాస్క్ కింది అంచు సరిగ్గా కూర్చోదు, సన్నగా ఈల వేస్తుంది, పక్కనున్నవాళ్లకు గురకే నయమనిపిస్తుంది. మీసం తీయడం ఇష్టం లేనివాళ్లకు పిల్లోస్ బాగా నప్పుతాయి, అవి మీసం మీద కాకుండా ముక్కు రంధ్రాల దగ్గరే ఆనుతాయి. కొబ్బరి నూనె ఇంకో శత్రువు. తలకు నూనె పెట్టుకుని పడుకునే అలవాటున్న ఇళ్లలో పట్టీలు, సిలికాన్ కుషన్ త్వరగా పాడవుతాయి, జిడ్డు మొహం మీద కుషన్ జారుతుంది. నూనె పొద్దున పూట పెట్టుకోండి, పడుకునే ముందు సబ్బుతో మొహం కడుక్కోండి, ఆ తర్వాత క్రీములు రాయకండి.

షాపులో మాస్క్ చూసే పద్ధతి ఇది. కూర్చుని చూస్తే లాభం లేదు, పడుకోవాలి. బల్లో సోఫానో ఏదో ఒకటి చూపించమనండి. పట్టీలు పూర్తిగా వదులు చేసి, కుషన్ మొహానికి ఆనించి, మిషన్ ఆన్ చేయించి ప్రెషర్ 10 దగ్గర పెట్టించండి. కుషన్‌ను కాస్త ముందుకు లాగి వదిలితే గాలి నిండి ఉబ్బి, తనే చర్మం మీద సర్దుకుంటుంది. అప్పుడు పట్టీలను ముందు పైవి, తర్వాత కిందివి, లీక్ ఆగేంతవరకే బిగించండి. పట్టీ కింద వేలు సులువుగా దూరాలి. ఇప్పుడు ఎడమకు, కుడికి దొర్లండి, కళ్లలోకి గాలి కొడుతోందేమో చూసుకోండి. పావుగంట తర్వాత తీసి అద్దంలో చూస్తే ముక్కు దూలం మీద ఎర్రటి గీత లోతుగా పడి ఉంటే అది మీ సైజు కాదు. ఇంకా బిగిస్తే సర్దుకుంటుందని సేల్స్ అబ్బాయి అంటాడు, వినకండి. సైజు పెద్దదైతే లీకవుతుంది, లీకైతే బిగిస్తాం, బిగిస్తే పుండు పడుతుంది, అక్కడితో సీప్యాప్ కథ ముగుస్తుంది.

పెట్టుకోగానే ఊపిరాడదేమో అని భయం ఉండేవాళ్లు పగటిపూట, టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకుంటే రాత్రి కంగారు తగ్గుతుంది.

రెండు ప్రమాదాలు కూడా చెప్పాలి. మాస్క్‌లో బయటికి గాలి వదిలే సన్నటి రంధ్రాలు ఉండాలి, దాన్ని వెంటెడ్ మాస్క్ అంటారు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే కొన్ని నాన్ వెంటెడ్, హాస్పిటల్ వెంటిలేటర్ల కోసం చేసినవి, చాలావాటికి గొట్టం తగిలించే మూల నీలం రంగులో ఉంటుంది. అది ఇంట్లో సీప్యాప్‌కు పెడితే వదిలిన ఊపిరినే మళ్లీ పీలుస్తారు. రెండోది, కొన్ని మాస్కుల పట్టీల్లో అయస్కాంత క్లిప్పులుంటాయి. పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్ లాంటివి ఒంట్లో ఉన్నవాళ్లకు, పక్కన పడుకునేవాళ్లకు ఉన్నా సరే, అవి వద్దు. ఫిలిప్స్ 2022లో, రెస్‌మెడ్ 2023లో దీనిపై హెచ్చరికలు ఇచ్చాయి. మామూలు హుక్ క్లిప్పులున్న మోడల్ అడగండి.

మాస్క్ ధర రకాన్ని బట్టి మూడు నుంచి పది వేల దాకా ఉంటుంది. సైజు కుదరకపోతే మార్చి ఇస్తారా అన్న ఒక్క ప్రశ్నకు స్పష్టంగా సరేనన్న షాపులో వెయ్యి ఎక్కువైనా అక్కడే కొనండి.

సెకండ్ హ్యాండ్, అమెరికా నుంచి తెప్పించడం

వాడిన మిషన్లు బోలెడన్ని దొరుకుతాయి, ఎందుకంటే బోలెడంతమంది మానేస్తారు. ధర సగానికి సగం ఉండొచ్చు. కొనేముందు మిషన్ ఆన్ చేసి ఎన్ని గంటలు నడిచిందో మెనూలో చూడండి. రాత్రికి ఏడు గంటల చొప్పున ఏడాదికి రెండున్నర వేల గంటలు, ఆ లెక్కన వయసు తెలిసిపోతుంది. మోటారు జీవితకాలం అయిపోయిందని స్క్రీన్ మీద వస్తుంటే వదిలేయండి. గాలి వచ్చే గొట్టం దగ్గర వాసన చూడండి, సిగరెట్ కంపు లోపల పట్టేస్తే పోదు. ఫిల్టర్ తీసి చూస్తే ఆ ఇంటి దుమ్ము చరిత్రంతా కనిపిస్తుంది. మాస్క్, పైపు, ఫిల్టర్, నీళ్ల డబ్బా కొత్తవి వేసుకోవాలి కాబట్టి ఆ ఖర్చు కూడా కలుపుకుని బేరమాడండి.

ఫిలిప్స్ డ్రీమ్‌స్టేషన్ మొదటి తరం మిషన్ మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దు. చప్పుడు తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడిగా రాలి, గాలితో పాటు ఊపిరిలోకి పోయే ప్రమాదం ఉందని 2021 జూన్‌లో కంపెనీయే వెనక్కి పిలిచింది. రిపేరు చేసి మార్చిన మిషనే అని అమ్మేవాడు అంటే, సీరియల్ నంబరుతో కాగితం చూపించమనండి.

అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో తెస్తామంటే తెప్పించుకోవచ్చు. అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, మన ప్లగ్గుకు పిన్ను మార్చుకుంటే చాలు. కానీ అక్కడ కొనాలంటే డాక్టరు చీటీ కావాలి, ఆ వారంటీ ఇక్కడ నడుస్తుందని నమ్ముకోకూడదు. అక్కడే ఉంటున్నవాళ్లకు లెక్క వేరు. అక్కడి వృద్ధుల ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ మిషన్‌ను 13 నెలల అద్దె పద్ధతిలో ఇస్తుంది, మొదటి మూడు నెలల్లో ఏదో ఒక వరుస 30 రోజుల్లో 70 శాతం రాత్రులు కనీసం 4 గంటలు వాడినట్టు డేటా చూపాలి. చాలా ప్రైవేటు ఇన్సూరెన్సులూ ఇలాంటి షరతే పెడతాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ ద్వారా అయితే మిషన్‌కు డబ్బే కట్టక్కర్లేదు.

నీళ్లు, కరెంటు

హ్యూమిడిఫయర్ గాలికి తేమ కలుపుతుంది, లేకపోతే ముక్కు ఎండిపోయి దిబ్బడ వేస్తుంది. హైదరాబాద్ చలికాలంలో, ఏసీ గదిలో ఇది బాగా అవసరం. కాకినాడ, విశాఖ వానాకాలంలో చాలామందికి తక్కువ స్థాయిలో పెట్టినా, ఆపేసినా నడిచిపోతుంది. పైపులో నీళ్లు చేరి గడగడ శబ్దం వస్తే తేమ తగ్గించండి, లేదా పైపుకు గుడ్డ తొడుగు వేయండి. డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీళ్లు పోస్తే వారంలో అడుగున తెల్లటి గార కడుతుంది, కాచినా గార పోదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు పీల్చే గాలికి పనికొచ్చే సరుకు కాదు. నీళ్లు రోజూ మార్చాలి.

కరెంటు పోతే ఊపిరాడక చచ్చిపోతానేమో అని అడిగేవాళ్లుంటారు. ఫుల్ ఫేస్ మాస్క్‌లో మిషన్ ఆగగానే బయటి గాలి లోపలికి వచ్చేలా వాల్వు ఉంటుంది, నేసల్ మాస్క్‌లో నోరు ఖాళీగానే ఉంటుంది. మెలకువ వస్తుంది, అంతే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అదే చాలు. హ్యూమిడిఫయర్, వేడి పైపు ఆపేస్తే మిషన్ చాలా తక్కువ కరెంటు తింటుంది, 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఫ్యానుతో పాటు రాత్రంతా నడిచిపోతుంది. ఎక్కువ తినేది ఆ వేడే. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కంటే ప్యూర్ సైన్ వేవ్ మంచిది. పడుకునే గది ప్లగ్ పాయింటు ఇన్వర్టర్ లైన్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి, చాలా ఇళ్లలో ఉండదు.

రైల్లో బెర్తు దగ్గర ప్లగ్గులు 110 వోల్టులవి, మిషన్‌కు ఆ తేడా లెక్క లేదు. కాకపోతే కొన్ని రైళ్లలో రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము ఐదు దాకా ఆ ప్లగ్గులు ఆపేస్తారు. విమానంలో చేతి సామానులోనే పెట్టుకోండి, చెకిన్‌లో వేయొద్దు. ప్రయాణాల కోసం చేసిన బుల్లి మిషన్లను మొదటి మిషన్‌గా కొనకండి, రెస్‌మెడ్ ఎయిర్‌మినీ లాంటి వాటిలో నీళ్ల హ్యూమిడిఫయర్ ఉండదు, మాస్కుల ఎంపికా తక్కువ.

ఇన్సూరెన్స్, సీజీహెచ్ఎస్

మామూలు హెల్త్ పాలసీల్లో ఇంట్లో వాడుకునే సీప్యాప్ చెల్లించని వస్తువుల జాబితాలో ఉంటుంది. ఓపీడీ కవర్ ఉన్న పాలసీలు, కంపెనీలు ఉద్యోగులకిచ్చే గ్రూప్ పాలసీల్లో కొన్ని ఇస్తాయి, మెయిల్‌లో అడిగి మెయిల్‌లోనే జవాబు తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) కింద, ఒక పరిమితి వరకు డబ్బు తిరిగొస్తుంది. దానికి స్పెషలిస్టు సిఫారసు, స్లీప్ స్టడీ రిపోర్టు, ముందస్తు అనుమతి కావాలి. ముందు కొనేసి తర్వాత అనుమతికి తిరిగితే నెలల తరబడి ఫైలు వెంట తిరగాల్సి వస్తుంది.

కొన్నాక మొదటి నెల

కొత్త ఆటో మిషన్లు ఫ్యాక్టరీ నుంచి 4 నుంచి 20 హద్దులతో వస్తాయి, డీలర్ చాలాసార్లు అలాగే వదిలేసి వెళ్తాడు. 4 దగ్గర చాలామందికి గాలి చాలక గుక్క తిప్పుకోలేరు, మిషన్ నచ్చలేదంటారు. రెండు వారాల డేటా డాక్టరుకు చూపించి, 7 నుంచి 13 అనో, మీకు తగినట్టు ఇంకోటో హద్దులు బిగించమనండి. మెల్లగా ప్రెషర్ పెంచే ర్యాంప్ కూడా అలాగే, మరీ తక్కువ నుంచి మొదలైతే ఇబ్బందే.

డేటా మీరూ చూసుకోవచ్చు. ఆస్కార్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రెస్‌మెడ్‌తో పాటు మరికొన్ని కంపెనీల మిషన్ల మెమరీ కార్డును కంప్యూటర్లో పెట్టి చదువుతుంది, రాత్రి ఏ గంటలో లీకైందో, ఎప్పుడు ఊపిరి ఆగిందో గీతలు గీసి చూపిస్తుంది. ఏహెచ్ఐ 5 లోపు ఉండాలి. రెస్‌మెడ్‌లో లీక్ నిమిషానికి 24 లీటర్లు దాటితే మాస్క్ సర్దాలి. మిషన్‌లో ఏహెచ్ఐ 2 చూపిస్తున్నా పగలు ఆఫీసులో, డ్రైవింగ్‌లో కునుకు వస్తోందంటే అంకెను చూసి ఊరుకోకుండా డాక్టరును కలవండి.

నెలవారీ ఖర్చు పెద్దదేం కాదు, డిస్టిల్డ్ వాటర్, ఫిల్టర్లు, ఏడాదిలో ఒకటి రెండు కుషన్లు. కుషన్ రోజూ తుడవాలి, పైపు, నీళ్ల డబ్బా వారానికోసారి గోరువెచ్చటి నీళ్లు, మామూలు సబ్బు ద్రవంతో కడిగి నీడలో ఆరబెట్టాలి. డెట్టాల్, బ్లీచింగ్ వద్దు. ఓజోన్, యూవీ క్లీనర్ అని డీలర్ చూపించే పెట్టె అసలే వద్దు, అమెరికా ఎఫ్‌డీఏ 2020లోనే వాటి భద్రత తేలలేదని చెప్పింది. ఆ డబ్బుతో ఇంకో సైజు కుషన్ కొనుక్కోండి.